పదకొండు చీటీలు

ఆ మంగళవారం పొద్దున లెటీ షోరాక్ వంటింటి బల్ల ముందు కూర్చుని, మొగుణ్ణి పోలీసులు పట్టుకోవడానికి కావలసిన పందెం చీటీలు తన చేత్తోనే రాసింది.

మొత్తం పదకొండు. చక్కెర పొట్లం తాలూకు నీలం కాయితాన్ని కత్తెరతో ముక్కలు చేసి, పెన్సిలు మొన నాలుకకి తడిపి, ఆదివారం బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో రాసింది. పైన గుర్రం పేరు, దాని కింద ఎన్ని పెన్నీలు, అడుగున ఒక మారుపేరు. పందెం చీటీ మీద సొంత పేరు ఎవరూ రాయరు. పోలీసుల చేతిలో పడితే ఇంటిమీదికొస్తుంది. లెటీ తన చీటీల మీద ఎప్పుడూ ‘నీలి గుమ్మం’ అని రాసుకుంటుంది. ఇవాళ పదకొండు మందిని కొత్తగా తనే పుట్టించాలి. ‘కుంటి పావురం’ అని రాసింది. ‘మూడో మగ్గం’ అని రాసింది. ‘అత్తగారి పన్ను’ అని రాసి తనలో తనే నవ్వుకుంది.

అమోస్ గోడకి తగిలించిన పగులు అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు.

“పదకొండెందుకే? మూడు చాలన్నాడుగా హాస్లమ్!”

“మూడు చీటీలకి అరెస్టవుతావా? వీధిలో తలెత్తుకోవద్దూ? కిందటిసారి ఫ్లోరీ మొగుడి దగ్గర ఎనిమిది దొరికాయి.”

“పోటీ పడక పడక దీని దగ్గరా పడేది!”

“కదలకు, గొంతు కోసుకుంటావు” అంది లెటీ, ఇంకో ముక్క కత్తిరిస్తూ.

ఈ చట్టం సంగతి తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఇంట్లో టెలిఫోను ఉండి, పందేలు కట్టించుకునే బుకీ దగ్గర ఖాతా ఉండి, నెలాఖరున చెక్కు రాయగలిగినవాడు ఎన్ని పౌండ్లు పందెం పెట్టినా ఇంగ్లండులో అది నేరం కాదు. మెడలో దుర్భిణీ వేలాడేసుకుని రేసు మైదానానికి వెళ్ళి, అక్కడ నోట్ల కట్టలు చేతులు మార్చినా నేరం కాదు. పైగా పోలీసులే దగ్గరుండి దారి చూపిస్తారు. కానీ హార్క్‌బెక్ లాంటి నూలు మిల్లుల ఊళ్ళో, వీధి చివర, ఒక ఆడమనిషి ఆరు పెన్నీలు చీటీలో చుట్టి ఇంకొకరి చేతిలో పెడితే మాత్రం నేరం. గుర్రం అదే, రేసు అదే. తేడా అల్లా పందెం పెట్టే చెయ్యి మెత్తగా ఉందా, కాయలు కాచి ఉందా అన్నదే. ఆ చట్టం రాసిన మహానుభావులకి సిగ్గేసి ఉండదు. రాసి, సంతకాలు పెట్టి, మధ్యాహ్నం రేసుకి బయల్దేరి ఉంటారు.

కాలువ వీధిలో పందెం కాయని ఇల్లు లేదు. పోలీసులకి ఆ సంగతి తెలుసు. వాళ్ళూ కాస్తారు కనక ఇంకా బాగా తెలుసు. అయినా స్టేషను పుస్తకంలో రెండు మూడు నెలలకోసారి ఒక అరెస్టు పడకపోతే పైవాళ్ళు ఊరుకోరు. అందుకని వంతులు పెట్టుకున్నారు. సార్జెంట్ హిండ్లీ బుకీ బెన్ హాస్లమ్ ఇంటికి వచ్చి, టీ తాగి, ఫలానా రోజు రెండున్నరకి బోటీ కొట్టు మూల దగ్గర ఒకణ్ణి నిలబెట్టమని చెప్పి పోతాడు. రోజూ చీటీలు పోగుచేసే మనిషిని హాస్లమ్ ఇవ్వడు. వాడి మీద ఇదివరకే రెండు కేసులున్నాయి, మూడోదానికి జైలుకి పంపినా పంపుతారు. అందుకని ఇంతవరకు కోర్టు గుమ్మం తొక్కనివాణ్ణి చూసి నిలబెడతాడు. జరిమానా హాస్లమ్ కడతాడు, నిలబడ్డవాడికి ఒక పౌండు ఇస్తాడు. అసలు ఆటగాళ్ళ చీటీలు పోలీసుల పాలు కాకుండా, దొంగ చీటీలు కొన్ని రాసి అతని జేబులో పెడతారు. ఈ సంగతి సార్జెంటుకి తెలుసు, కోర్టు గుమాస్తాకి తెలుసు, వీధిలో పిల్లులకి కూడా తెలుసు.

ఇన్నాళ్ళూ అమోస్ ఈ వంతుకి ఒప్పుకోలేదు. పద్దెనిమిదేళ్ళు మిల్లులో నూలు వడికినవాణ్ణి, చెయ్యని తప్పుకి చేతులు కట్టుకుని నిలబడటమేమిటి అనేవాడు. రెండేళ్ళ కింద ఓపెన్‌షా మిల్లు మూతపడింది. అతను నూలు వడకడం, లెటీ నాలుగు మగ్గాల మీద నేయడం ఒకే రోజు ఆగిపోయాయి. అప్పటినుంచి మొగుడూ పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలూ బతకడానికి వారం వారం వచ్చే ఇరవై ఏడు షిల్లింగుల నిరుద్యోగ భత్యం తప్ప మరో ఆధారం లేదు. చలికాలం ముంచుకొస్తోంది. పిల్లలకి ఒక్కటే దుప్పటి ఉంది. ఇక సరే అన్నాడు.

పౌండులో సగం హాస్లమ్ ముందే ఇచ్చాడు. లెటీ ఆ పది షిల్లింగులతో దుప్పటి కొనలేదు. తాకట్టు కొట్టుకి వెళ్ళి, ఏడాదిగా అక్కడ పడి ఉన్న అమోస్ పెళ్ళి సూటు విడిపించి తెచ్చి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది.

“ఇదెందుకే? కోర్టులో నాకేమైనా సన్మానమా?”

“ఓపెన్‌షా దొర ముందు మోచేతులు చిరిగిన కోటుతో నిలబడతావా? నేను బతికుండగా కుదరదు. మిల్లు మూసేసి మనల్ని ముష్టివాళ్ళని చేశానని ఆయన అనుకోకూడదు.”

మిల్లు యజమాని ఓపెన్‌షా దొరే ఊరికి మేజిస్ట్రేటు కూడా. ఆ సూటు సంగతి తర్వాత తలుచుకున్నప్పుడల్లా లెటీ తన చెంపలు తనే వాయించుకోవాలనుకుంది.

రెండున్నరకి కాలువ వీధి ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చారు. అమోస్ నల్ల సూటులో బోటీ కొట్టు మూల నిలబడ్డాడు. సార్జెంట్ హిండ్లీ ఒక కానిస్టేబుల్ని వెంటేసుకుని నింపాదిగా వచ్చాడు.

“ఏం అమోస్, తయారేనా?”

“నేనెప్పుడో తయారు. మీరే ఐదు నిమిషాలు ఆలస్యం.”

“మా ఆవిడ బంగాళాదుంపలేసి మాంసం వండింది. లేవబుద్ధి కాలేదయ్యా. ఏవీ, చీటీలు తియ్యి.” లెక్కపెట్టి, మెచ్చుకోలుగా తలాడించాడు. “పదకొండే! తొమ్మిది మిల్లు పిల్ల మీదే. అవునూ, రేపు అది కొడుతుందంటావా? నేనూ ఒక షిల్లింగు వేశాను.”

“ఎవరి దగ్గర వేశారేంటి సార్జెంట్ గారూ?” అని ఫ్లోరీ తన గుమ్మంలోంచి కేకేసింది.

“నోర్ముయ్ ఫ్లోరీ! డ్యూటీలో ఉన్నాను.”

వీధంతా పగలబడి నవ్వింది. లెటీ కూడా నవ్వింది.

మిల్లు పిల్ల ఓపెన్‌షా దొర గుర్రం. ఎర్ర మట్టి రంగు ఆడగుర్రం, నాలుగేళ్ళది. రోజూ ఓట్స్ దాణాలో పచ్చి గుడ్లు కొట్టి పెడతారని ఊళ్ళో చెప్పుకుంటారు. మిల్లు పిల్లలని పిలిచే ఆరొందల మంది నేత ఆడవాళ్ళని ఒక్క శుక్రవారం సాయంత్రం వీధిలోకి నెట్టేసి, ఆ పేరు మాత్రం తీసుకెళ్ళి గుర్రానికి పెట్టుకున్నాడు ఆ పెద్దమనిషి. వాళ్ళమీద ప్రేమతోనే పెట్టానని విందుల్లో చెప్పుకునేవాడట కూడా. చిత్రమేమిటంటే ఊరు ఊరంతా దాన్ని సొంత బిడ్డలా చూసుకుంది. అది పరిగెత్తిన రోజల్లా, పనిలేని నేతపిల్లలు అప్పో సప్పో చేసి దానిమీద ఆరు పెన్నీలు వేసేవారు. బుధవారం డాంకాస్టర్ పెద్ద రేసుల రోజు. ఆ మధ్యాహ్నం మిల్లు పిల్ల పరిగెత్తుతోంది.

బుధవారం పొద్దున పదిన్నరకి కోర్టు మొదలైంది. ఓపెన్‌షా దొర బల్ల మీద, చట్టం పుస్తకాల పక్కన, దుర్భిణీ తోలు సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. టై మీద బంగారపు గుర్రపు నాడా మెరుస్తోంది. బయట కారు ఇంజను ఆపకుండా ఉంచారు. ఆ చప్పుడు లోపలికి వినిపిస్తూనే ఉంది.

“వృత్తి?” అని అడిగాడు గుమాస్తా.

బుకీ మనిషినని చెప్పాలి, లేకపోతే కేసు నిలవదని సార్జెంటు ముందే నేర్పి పెట్టాడు. అయినా నూలు వడికేవాణ్ణి అనబోయి అమోస్ పెదవులు కదిలి ఆగిపోవడం లెటీ వెనక బెంచీ మీంచి చూసింది.

“బుకీ మనిషిని” అన్నాడు చివరికి.

గుమాస్తా చీటీలు గట్టిగా చదివాడు. “మిల్లు పిల్ల, ఆరు పెన్నీలు, కుంటి పావురం. మిల్లు పిల్ల, మూడు పెన్నీలు, అత్తగారి పన్ను.” వెనక బెంచీలో కిసకిసలు మొదలయ్యాయి. తన గుర్రం పేరు తొమ్మిదిసార్లు విన్నా ఓపెన్‌షా దొర మొహంలో ఒక్క గీత కదల్లేదు.

“పేదల నోటిదగ్గర కూడు జూదానికి దోచుకునే మీలాంటివాళ్ళ వల్లే ఈ ఊరు పాడైపోతోంది” అన్నాడాయన. “నీ బట్టలు చూస్తే ఈ వ్యాపారంలో బాగానే గిడుతున్నట్టుంది. పది పౌండ్లు జరిమానా. కట్టలేకపోతే నెల జైలు.” దుర్భిణీ సంచీ అందుకుంటూనే ఆ మాట అన్నాడు.

హాస్లమ్ పంపిన మనిషి అక్కడికక్కడే పది నోట్లు లెక్కపెట్టాడు. పదకొండు గంటలకల్లా దొర కారు కొండల మీదుగా డాంకాస్టర్ వైపు వెళ్ళిపోయింది.

మిల్లు పిల్ల మెడ పొడుగు తేడాతో గెలిచింది. సాయంత్రం కాలువ వీధిలో వేపుడు చేపల కొట్టు ముందు వరస రోడ్డు దాకా సాగింది. గెలిచినవాళ్ళు గెలవనివాళ్ళకి కూడా పొట్లాలు కొనిచ్చారు. దొర టెలిఫోనులో ఎంత వేశాడో, ఎంత వచ్చిందో ఎవరికీ తెలియలేదు. దానికి కేసూ లేదు, జరిమానా లేదు.

శుక్రవారం ఊరి పేపరొచ్చింది. ఒకే పేజీలో, పైన మిల్లు పిల్ల కళ్ళెం పట్టుకుని నవ్వుతున్న ఓపెన్‌షా దొర ఫొటో, దాని కింద నాలుగు వరసల్లో, ‘బుకీ మనిషికి పది పౌండ్ల జరిమానా. అమోస్ షోరాక్, కాలువ వీధి.’

“నీ పేరు అచ్చులో పడిందిరా అమోస్!” అని మగవాళ్ళు భుజం చరిచారు.

సోమవారం ఆరా తీసే అధికారి వచ్చాడు. భత్యం తీసుకునే ఇళ్ళలో ఏమేం ఉన్నాయో, ఎవరికి ఎంత వస్తోందో చూసి రాసుకుపోవడం ఆయన ఉద్యోగం. ఇదివరకు వచ్చినప్పుడు కుర్చీలు లెక్కపెట్టి, రొట్టెల డబ్బా మూత తీసి చూసి పోయేవాడు. ఈసారి పేపరు ముక్క జేబులో పెట్టుకుని వచ్చాడు.

“మీ ఆయనకి పని దొరికిన సంగతి మాకు చెప్పలేదే!”

“ఏం పనండీ?” అంది లెటీ.

ఆయన పేపరు ముక్క చూపించాడు. మేకుకి వేలాడుతున్న సూటు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. “పది పౌండ్లు అప్పటికప్పుడు కట్టారు. ఇలాంటి సూటు ఉంది. ఇంకా గవర్నమెంటు ఎందుకమ్మా మిమ్మల్ని పోషించాలి? భత్యం ఆపేస్తున్నాం. ఏమైనా చెప్పుకోవాలంటే వచ్చే వారం గురువారం కమిటీకి చెప్పుకోండి.”

భత్యం కమిటీకి అధ్యక్షుడు కూడా ఓపెన్‌షా దొరే.

అమోస్ ఆ రోజే సూటు మళ్ళీ తాకట్టు పెట్టాడు. ఎనిమిది షిల్లింగులు వచ్చాయి. లెటీ హాస్లమ్ ఇంటికి పరిగెత్తింది. హాస్లమ్ ఒంటె రంగు కోటు తొడుక్కుని, ఇంట్లో కూడా తీయని టోపీతో, వేడి వేడి వేటమాంసం తింటున్నాడు. ఒప్పుకున్న పౌండు ఎప్పుడో ఇచ్చేశానని గుర్తుచేశాడు.

“ఇంకో ఐదు షిల్లింగులు పట్టుకెళ్ళు అమ్మాయ్. అంతకుమించి నన్నేం చెయ్యమంటావు?”

“వచ్చి నిజం చెప్పండి. మా ఆయన మీ మనిషి కాదని, అదంతా వంతు అరెస్టని.”

“పిచ్చెక్కిందా లెటీ? సార్జెంటు ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత రోజూ దాడులే. వీధిలో ఒక్కడు చీటీ వెయ్యలేడు. మీ ఒక్కళ్ళ కోసం వీధంతా మాడాలా?”

“వీధంతా నవ్వుకోవడానికి మేమొక్కళ్ళమే మాడొచ్చేం?”

ఐదు షిల్లింగులు బల్ల మీదే వదిలేసి వచ్చింది. ఇంటికొచ్చాక, తీసుకోవలసింది అనిపించి, అలా అనిపించినందుకు ఇంకా మండిపడింది.

మర్నాడు సార్జెంట్ హిండ్లీ దొడ్డిదారిన వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. “నాకు ముగ్గురు పిల్లలమ్మా. పింఛనుకి ఇంకా నాలుగేళ్ళుంది” అని, టోపీ చేతిలో తిప్పుతూ నిలబడి, వెళ్ళిపోయాడు. మంచివాడే. మంచివాళ్ళందరూ కలిసి నోరు మూసుకోమంటే ఇంక చెడ్డవాళ్ళతో పనేముంది?

నిజం చెబితే, కోర్టులో అబద్ధమాడినందుకు అమోస్ జైలుకెళతాడు. చెప్పకపోతే భత్యం పోయి పిల్లలు పస్తులుంటారు. పది రోజులు అమోస్ ఈ రెండు మాటలే తిప్పి తిప్పి అన్నాడు. ఆ పది రోజులూ కొవ్వు రాసిన రొట్టె, పాలు లేని టీ. పెద్దపిల్ల బళ్ళో కళ్ళు తిరిగి పడిపోయిందని పంతులమ్మ ఇంటికి తీసుకొచ్చి దింపింది. ఆ సాయంత్రం లెటీ చీటీలు కత్తిరించగా మిగిలిన చక్కెర పొట్లం కాయితం మడిచి సంచీలో పెట్టుకుంది.

గురువారం కమిటీ గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఓపెన్‌షా దొర. చివర్లో రాసుకోవడానికి కోర్టులో ఉన్న ఆ గుమాస్తాయే. బల్ల మీద పదకొండు నీలం చీటీలు వరసగా పేర్చి ఉన్నాయి.

అమోస్ మోచేతులు చిరిగిన కోటుతో వచ్చాడు.

“ఆ రోజు వేసుకున్న సూటు ఏమైంది?” అని అడిగాడు ఓపెన్‌షా దొర.

“తాకట్టులో ఉందండి.”

“అంటే మా దగ్గరికి వచ్చేటప్పుడు వేరే వేషమన్నమాట.”

సూటు వేసుకుంటే డబ్బున్నవాడు, వేసుకోకపోతే వేషధారి. ఈయన కళ్ళకి అమోస్ ఏ బట్టలో మనిషిలా కనిపిస్తాడో లెటీకి అర్థం కాలేదు.

పక్కన కూర్చున్న ఆయన కాయితం చూసి చదివాడు. “ఒక మధ్యాహ్నానికి పదకొండు చీటీలు. వారానికి ఆరు మధ్యాహ్నాలు. బుకీ ఇచ్చే వాటా కలుపుకుంటే, భత్యానికి మించే సంపాదిస్తూ ఉండాలి.”

“చెప్పుకునేదేమైనా ఉందా?” అన్నాడు దొర.

అమోస్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

“ఉందండి” అంది లెటీ.

“మిమ్మల్ని అడగలేదు.”

“తెలుసండి. కానీ మీరు మా ఆదాయమని లెక్కేసిన ఆ చీటీలు నేను రాశాను.”

రాసుకుంటున్న గుమాస్తా తలెత్తాడు. లెటీ సంచీలోంచి మిగిలిన చక్కెర పొట్లం తీసి బల్ల మీద పరిచింది. చివరి చీటీ తీసుకుని, పొట్లం కత్తిరించిన చోట ఆనించింది. అంచుకి అంచు సరిపోయింది. గుమాస్తా ముందున్న పెన్సిలు అడక్కుండానే అందుకుని, మొన నాలుకకి తడిపి, పొట్లం మీద రాసింది. మిల్లు పిల్ల. ఆరు పెన్నీలు. కుంటి పావురం. ఆ గుండ్రటి అక్షరాలకీ ఈ గుండ్రటి అక్షరాలకీ వెంట్రుకవాసి తేడా లేదు.

“కుంటి పావురం అనే మనిషి లేడు దొరగారూ. అత్తగారి పన్నూ లేదు. మా అత్తగారు పోయి ఆరేళ్ళయింది, ఆవిడకి అసలు పళ్ళే ఉండేవి కావు. వీటిలో ఒక్క పెన్నీ కూడా నిజం కాదు. మా వంటింటి బల్ల మీద నేను కల్పించిన పందేలకి వాటా లెక్కగట్టి, మా పిల్లల తిండి ఆపేశారు మీరు.”

ఓపెన్‌షా దొర ఆ అక్షరాలకేసి చాలాసేపు చూశాడు.

“మిసెస్ షోరాక్, తెలిసే మాట్లాడుతున్నారా? ఇది నిజమైతే మీ ఆయన కోర్టుని మోసం చేశాడు. సార్జెంటు మోసం చేశాడు. మీరూ చేశారు. ముగ్గురూ జైలుకి వెళ్ళాలి.”

“ముగ్గురమే ఎందుకండీ? ఆ కోర్టు కుర్చీలో మీరు పదకొండేళ్ళుగా కూర్చుంటున్నారు. మూడు నెలలకోసారి అదే మూల, అదే రెండున్నర, ప్రతిసారీ ఒక కొత్త మొహం. మీ గుర్రం ఏ మైదానంలో ఎలా పరిగెత్తుతుందో చెప్పగలరు. ఈ సంగతి కనిపెట్టలేకపోయారా?”

పక్కవాళ్ళిద్దరూ కిటికీకేసి చూశారు. అమోస్ మొదటిసారి తలెత్తాడు.

దొర చీటీలు పోగుచేసి కవరులో పెట్టాడు. గొంతు పెంచలేదు. “గుమాస్తా గారూ, ఇదేదీ రాయకండి. షోరాక్ కుటుంబానికి భత్యం సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. పోయిన వారాలు పోయినట్టే. కారణం, కమిటీ దయ. చీటీల గురించి ఈ గదిలో ఎవరూ ఏమీ అనలేదు. ఈ రాత నేను చూడలేదు.” చక్కెర పొట్లం నలిపి బుట్టలో పారేశాడు.

బయటికొచ్చాక అమోస్ గోడకానుకుని గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

“గెలిచాం కదే!”

“ఏం గెలిచాం? మన తిండి మనకిచ్చి దయ అని రాయించుకున్నాడు. పుస్తకంలో నువ్వు ఇంకా బుకీ మనిషివే. నిజం చెబితే ఏమన్నాడు? చూడలేదన్నాడు! కళ్ళముందు పెడితే చూడలేదన్నాడు!” నడిరోడ్డు మీద గొంతు చించుకుంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ అనుకుంది.

నవంబరులో, మాంచెస్టర్ రేసుల ముందు, సార్జెంట్ హిండ్లీ మళ్ళీ హాస్లమ్ ఇంట్లో టీ తాగాడు. హాస్లమ్ మనిషి కోసం కాలువ వీధి తలుపులన్నీ తట్టాడు. ఒక్కడూ రాలేదు. షోరాక్ ఇంట్లో పది రోజులు పొయ్యి ఎలా వెలిగిందో అందరూ చూశారు. పౌండు కోసం భత్యం పోగొట్టుకునే అమాయకుడు వీధిలో మిగల్లేదు. హాస్లమ్ రెండు పౌండ్లు అన్నాడు, మూడు అన్నాడు.

“ఇంతవరకు కోర్టు గుమ్మం తొక్కనివాడు ఒకడున్నాడుగా!” అంది ఫ్లోరీ. “ఒంటె రంగు కోటు. ఆ టోపీ.”

పోలీసులకి మనిషిని ఇవ్వకపోతే దాడులు తప్పవు. చెప్పిన రోజు రెండున్నరకి బెన్ హాస్లమ్ స్వయంగా వచ్చి బోటీ కొట్టు మూల నిలబడ్డాడు. ఆడవాళ్ళు చేతులు కట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు.

లెటీ రోడ్డు దాటి వెళ్ళి అతని జేబులో నీలం కాయితాల కట్ట పెట్టింది.

“చీటీలు లేకుండా అరెస్టేమిటి హాస్లమ్ గారూ, నామోషీ. పదకొండు రాశాను.”

“నీ రుణం తీర్చుకోలేను లెటీ” అన్నాడు, పాపం, చదవకుండానే. సార్జెంటు కూడా లెక్కపెట్టుకున్నాడు గాని అడుగున ఉన్న పేర్లు చదవలేదు. ఆ మారుపేర్లు ఎప్పుడూ ఎవరూ చదవరు. కోర్టులో తప్ప.

మర్నాడు పొద్దున కోర్టు వెనక బెంచీలన్నీ కాలువ వీధి ఆడవాళ్ళతో నిండిపోయాయి. హాస్లమ్ తప్పు ఒప్పుకున్నాడు. గుమాస్తా మొదటి చీటీ తీసి చదవడం మొదలుపెట్టాడు.

“మిల్లు పిల్ల. ఆరు పెన్నీలు...” అక్కడ ఆగిపోయాడు. రెండో చీటీ చూశాడు, మూడోది చూశాడు. గబగబా పదకొండూ తిరగేశాడు.

“చదవండి” అన్నాడు ఓపెన్‌షా దొర విసుగ్గా.

“పేరు... పేరు అన్నిటిమీదా ఒకటే ఉందండి.”

“ఏ పేరైతేనేం, చదవండి!”

గుమాస్తా నుదురు తుడుచుకున్నాడు. “ఓపెన్‌షా” అని చదివాడు. రెండోది తీశాడు. “ఓపెన్‌షా.”

బెంచీల్లో ఒక్కరూ నవ్వలేదు. దొర చెయ్యి చాపి చీటీ లాక్కున్నాడు. నీలం కాయితం, గుండ్రటి అక్షరాలు. ఎవరి రాతో ఒక్క చూపులో తెలిసిపోయింది. నోరు తెరిచాడు. ఈ రాత నాకు తెలుసు అని ఆయన చెప్పాలి. ఎక్కడ చూశాడో, ఎప్పుడు చూశాడో కూడా అప్పుడు చెప్పాలి.

లెటీ లేచి నిలబడింది, ఆయనకి బాగా కనిపించేలా.

ఓపెన్‌షా దొర నోరు మూసుకున్నాడు. ఇంకా తొమ్మిది చీటీలున్నాయి. గుమాస్తా మూడోది తీశాడు.